స్విఫ్ట్‌కి అలాయ్ వీల్స్: 15 అంగుళాలు చాలా, 16 వేయాలా? ఏ టైరు సైజు, ఏ బ్రాండు? (విశాఖ)

మధురవాడ_స్విఫ్ట్:

అందరికీ నమస్తే. బండి 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ, పెట్రోలు. కంపెనీ ఇనప రిమ్‌లు, 165/80 ఆర్14 టైర్లు. టైర్లు అరిగి టీడబ్ల్యూఐ గుర్తు (ఇక మార్చాలని చెప్పే అరుగుదల గీత) దాకా వచ్చేశాయి. ఎలాగూ నాలుగూ మార్చాలి కదా, అలాయ్‌లు కూడా ఇప్పుడే వేయించేస్తే పనైపోతుందని ఆలోచన.

వాడకం: రోజూ మధురవాడ నుంచి గాజువాక, రానూపోనూ హైవే. ఆదివారాలు బీచ్ రోడ్డు, భీమిలి వైపు. రెండు మూడు నెలలకోసారి అరకు, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. స్పీడు పిచ్చి లేదు.

షాపులో మూడు సెట్లు చూపించారు.

ఎ) 15×6జె (రిమ్ వ్యాసం, వెడల్పు అంగుళాల్లో), ఈటీ 40, టైరు 185/65 ఆర్15
బి) 16×6.5జె, ఈటీ 40, టైరు 195/55 ఆర్16
సి) 16×7జె, ఈటీ 35, టైరు 205/55 ఆర్16

మూడింటికీ పీసీడీ (నట్ల రంధ్రాల సంఖ్య, వాటి వలయం వ్యాసం) 4×100, మధ్య రంధ్రం 73.1 అని రాసి ఉంది. ఎ పూర్తిగా రంగు వేసింది, మిగతా రెండూ డైమండ్ కట్. "సి వేయించుకోండి సార్, బండి నిండుగా కనిపిస్తుంది, ఎక్కడా రాసుకోదు" అంటున్నారు. 185/65 స్టాక్ లేకపోతే ఎ రిమ్‌కి 185/60 కూడా సరిపోతుందట. ఇది నిజమేనా? బ్రాండు విషయంలో ఇంట్లో ఎంఆర్ఎఫ్ అంటే ఎంఆర్ఎఫే అంటున్నారు. మీరేమంటారు?

---

ఆటోనగర్_నూరు_పీసీడీ:

ముందు టైరు బయటి వ్యాసం లెక్క వేసుకోండి, సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ అంగుళాలు. సైడ్‌వాల్ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు చేసి, రిమ్ అంగుళాలను 25.4తో గుణించి కలపాలి.

మీ ఇప్పటి టైరు 165/80 ఆర్14: 165లో 80 శాతం 132. రెండింతలు 264. 14 అంగుళాలు 355.6. మొత్తం 619.6 మి.మీ.

185/65 ఆర్15 వేస్తే 621.5. 195/55 ఆర్16 వేస్తే 620.9. రెండూ పాతదానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలోనే ఉన్నాయి. స్పీడోమీటరుకి, గేర్లకి ఆ తేడా తెలియనే తెలియదు. మీ బండిలోనే పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీ 185/65 ఆర్15 ఇచ్చింది. అంటే సస్పెన్షన్, మడ్‌గార్డు అన్నీ ఆ సైజు లెక్కలో పెట్టుకునే చేశారు.

205/55 ఆర్16 మాత్రం 631.9. 12 మి.మీ. పెరిగింది, దాదాపు 2 శాతం. మీటరు 100 చూపిస్తుంటే బండి 102 మీద ఉంటుంది. అది పెద్ద ఇబ్బంది కాదు, అసలు చిక్కు వెడల్పులోనూ ఆఫ్‌సెట్‌లోనూ (ఈటీ) ఉంది.

ఈటీ అంటే రిమ్ సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్‌కి (బండి వైపు చక్రం బిగించే భాగం) ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో ఆ సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. మీ పాత రిమ్ మీద ముద్ర ఉంటుంది, చక్రం విప్పి చదవండి. లెక్క కోసం 45 అనుకుందాం. 165 టైరు తీసి 205 వేస్తే వెడల్పు 40 పెరిగింది, అంటే లోపలికి 20, బయటికి 20. ఈటీ 45 నుంచి 35కి దిగితే మొత్తం చక్రమే 10 బయటికి జరిగింది. కాబట్టి బయటివైపు 30 మి.మీ. పొడుచుకొస్తుంది, లోపల స్ట్రట్ (సస్పెన్షన్ స్తంభం) వైపు 10 మి.మీ. దగ్గరవుతుంది. అదే లెక్కలో బి సెట్టు బయటికి 20, లోపలికి 10. ఎ సెట్టు బయటికి 15, లోపలికి 5.

30 మి.మీ. బయటికొచ్చిన టైరు షాపు ముందు ఖాళీ బండికి రాసుకోదు, వాళ్లు చెప్పింది ఆ మేరకు నిజమే. వెనక సీట్లో ఇద్దరు కూర్చుని, డిక్కీ నిండి, ఘాట్‌లో వంపు తిరుగుతూ గుంతలో పడినప్పుడు మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని కోస్తుంది. అప్పుడు షాపువాళ్లు ఫెండర్ అంచు మడతపెడదాం అంటారు. అక్కడ రంగు పగిలిందంటే, మన ఊరి గాలికి ఆరు నెలల్లో తుప్పు మొదలు. పైగా చక్రం బయటికి జరిగేకొద్దీ వీల్ బేరింగు మీద మెలి ఎక్కువ పడుతుంది, స్టీరింగు గతుకుల్లో చేతిని లాగుతుంది. మట్టి కూడా తలుపుల మీద కొడుతుంది, వానాకాలంలో చూడాలి.

ఇక 185/60 ఆర్15 సంగతి. దాని వ్యాసం 603. పాతదానికన్నా 16.6 తక్కువ, బండి 8 మి.మీ. కిందికి దిగుతుంది. అంతకన్నా ముఖ్యం లోడ్ ఇండెక్స్. మీ 165/80 ఆర్14 మీద 85 అని ఉంటుంది, అంటే టైరుకి 515 కిలోలు. మామూలు 185/60 ఆర్15 మీద 84, అంటే 500 కిలోలు. వెడల్పు పెరిగినా మోసే బరువు తగ్గింది! చాలామంది ఇక్కడే పొరబడతారు. 185/65 ఆర్15కి 88, అంటే 560 కిలోలు. 195/55 ఆర్16కి 87, 545 కిలోలు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్న సంఖ్యకి తగ్గకూడదు, ఎక్కువున్నా నష్టం లేదు. స్టాక్ లేకపోతే నాలుగు రోజులు ఆగండి, 185/60 మాత్రం వద్దు.

సి తీసి పక్కన పెట్టేయండి. ఎ, బి మధ్య తేల్చుకోవాలి. నా ఓటు ఎ.

---

రింగు_నట్టు:

పైన చెప్పిన లెక్క సరైనదే. ఆయన వదిలేసిన సంగతి ఒకటుంది, మధ్య రంధ్రం. స్విఫ్ట్ హబ్ 54.1 మి.మీ., ఆ రిమ్‌లు 73.1. రకరకాల బండ్లకి ఒకే అచ్చు పనికిరావాలని రంధ్రం పెద్దగా పెడతారు. మధ్యలో 19 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీ నింపే రింగు లేకుండా బిగిస్తే రిమ్‌ని మధ్యలో నిలపాల్సిన పని మొత్తం నాలుగు నట్ల మీద పడుతుంది. అర మిల్లీమీటరు పక్కకి కూర్చున్నా 80, 90 దగ్గర స్టీరింగు వణుకుతుంది. మనిషి మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించుకుంటాడు, మిషన్ మీద సున్నా చూపిస్తుంది, రోడ్డెక్కితే మళ్లీ వణుకు. తప్పు బ్యాలెన్సింగ్‌ది కాదు, రింగుది. మిషన్ రిమ్‌ని తన కోన్‌తో మధ్యలోనే పట్టుకుంటుంది కదా, దానికి ఈ తేడా దొరకదు.

కాబట్టి 73.1 నుంచి 54.1కి హబ్ రింగులు నాలుగు, బిల్లులో రాయించుకోండి. అల్యూమినియం రింగు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ ఉప్పు గాలికి అది హబ్‌కి కరిచిపోతుంది, తర్వాత సుత్తి పెట్టి కొట్టాల్సి వస్తుంది. విశాఖలో మంచి గట్టి ప్లాస్టిక్ రింగులే మేలు. చేత్తో నొక్కితే బిగువుగా కూర్చోవాలి, లొడలొడలాడితే సైజు తప్పు.

నట్లు. మారుతి స్టడ్‌కి (నట్టు ఎక్కే బోల్టు) ఎం12×1.25 మర, అంటే 12 మి.మీ. మందం, చుట్టుకి 1.25 మి.మీ. హ్యుందాయ్, హోండా, టయోటాలకి ఎం12×1.5. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే కుర్రాడు నట్లు బిగించే గన్ పెట్టి లాగేస్తాడు, స్టడ్ మర నాశనం. అందుకే ప్రతి నట్టూ చేత్తో చివరిదాకా తిప్పించండి. 12 మి.మీ. స్టడ్‌కి కనీసం 12 మి.మీ. పట్టు ఉండాలి. 1.25 మరకి అది దాదాపు పది చుట్లు. అలాయ్ ఫ్లాంజ్ (నట్లు బిగించే భాగం) ఇనప రిమ్ కన్నా మందంగా ఉంటుంది కాబట్టి పాత నట్లతో ఇన్ని చుట్లు పడకపోవచ్చు. నట్టు కూర్చునే చోటు శంకువు ఆకారమా, గుండ్రమా అన్నది కూడా రిమ్ గుంతతో కలవాలి. బయటి అలాయ్‌లు ఎక్కువగా 60 డిగ్రీల శంకువుకే చేస్తారు. హోండా కంపెనీ నట్లు గుండ్రటివి, అవి ఇలాంటి రిమ్‌కి పెడితే సన్నటి గీత మీద మాత్రమే పట్టు ఉంటుంది, రోజూ కొంచెం కొంచెం వదులవుతుంది.

బిగింపు వరస ఇలా:

హబ్ ముఖం వైరు బ్రష్‌తో తుప్పు పోయేదాకా రుద్దాలి. మధ్య అంచుకి పలచగా యాంటీ సీజ్ (తుప్పుకి కరిచిపోకుండా పూసేది) పూత వేయొచ్చు, స్టడ్ మరలకి మాత్రం పూయకూడదు. పూస్తే అదే టార్క్‌కి (బిగింపు బలం) నట్టు కావలసినదానికన్నా ఎక్కువ బిగుస్తుంది, స్టడ్ సాగుతుంది. చక్రం గాలిలో ఉండగా ఎదురెదురు నట్లు చేత్తో బిగించి, కిందికి దించాక టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న అంకెకి తేవాలి. గన్‌తో చివరి బిగింపు వద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూడాలి. కొత్త అలాయ్‌లో రంగు పొర నట్టు కింద అణిగి కొద్దిగా వదులివ్వడం మామూలే.

టైరు ఎక్కించకముందే ఖాళీ రిమ్ ఒకటి ముందు హబ్‌కి బిగించి చేత్తో తిప్పి చూడమనండి. స్పోక్ లోపలివైపుకీ బ్రేకు క్యాలిపర్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. ఉండాలి. 15, 16 అంగుళాల్లో చుట్టూ చోటు దండిగానే ఉంటుంది, ఇబ్బంది పెట్టేది స్పోక్ వంపు. టైరు ఎక్కించాక స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, స్ట్రట్‌కీ టైరుకీ మధ్య చిటికెన వేలు దూరుతుందో లేదో చూడండి. ఒకసారి టైరు ఎక్కించిన రిమ్‌ని ఏ షాపూ వెనక్కి తీసుకోదు. అందుకే ఈ వరస.

---

భీమిలి_ఉప్పుగాలి:

బి సెట్టు డైమండ్ కట్ అన్నారు. అది చాలు, దాన్ని వద్దనడానికి.

డైమండ్ కట్ అంటే రంగు వేసిన రిమ్ ముఖాన్ని లేత్ మీద పలచగా చెక్కి, మెరిసే పచ్చి అల్యూమినియం మీద పారదర్శక పూత వేస్తారు. ఆ పూతకి రాయి తగిలి చిన్న గాటు పడినా, నట్లు బిగించేటప్పుడు సాకెట్ గీసినా, ఉప్పు తేమ దాని కిందికి దూరుతుంది. తర్వాత తెల్లటి సన్నని దారాల్లాంటివి పూత కింద పాక్కుంటూ వెళ్తాయి, పురుగు తిన్నట్టు. పైనుంచి పాలిష్ పెట్టినా పోదు. మళ్లీ లేత్ మీద చెక్కి పూత వేయించాలి, అలా రెండోసారి మూడోసారి చెక్కేకొద్దీ లోహం తగ్గిపోతుంది. మధురవాడ, ఋషికొండ, భీమిలి పట్టీలో ఉండేవాళ్లకి పౌడర్ కోటింగ్ చేసిన ఒకే రంగు రిమ్ నయం. వెండి రంగో, ముదురు బూడిద రంగో. క్రోమ్ పూత రిమ్‌ల జోలికైతే అసలు వెళ్లొద్దు. అది పొరలు పొరలుగా లేచి టైరు బీడ్ (రిమ్‌లో ఇమిడే టైరు లోపలి అంచు) కూర్చునే చోట గాలి వదిలేస్తుంది.

బీడ్ దగ్గర గాలి పోవడం మన ఊళ్లో అలాయ్‌లకి అన్నిటికన్నా మామూలు జబ్బు. వారానికి మూడు నాలుగు పీఎస్ఐ తగ్గుతూ ఉంటుంది. పంక్చర్ షాపులో టబ్బులో ముంచితే ట్రెడ్‌లో మేకు కనపడదు. రిమ్ అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోయించండి, బుడగలు సన్నగా వరసగా వస్తే బీడే. మందు: టైరు దించి, బీడ్ కూర్చునే గాడిని తెల్ల పొడి మొత్తం పోయేదాకా రుద్ది, నున్నగా చేసి, పూత వేసి ఆరనిచ్చి, అప్పుడు టైరు ఎక్కించడం. రుద్దకుండా బీడ్ సీలరు నల్ల జిగురు పూసి పంపేస్తే నాలుగు నెలలకి మళ్లీ అదే కథ. నైట్రోజన్ నింపినా ఆ సందులోంచే పోతుంది, ఆ డబ్బులు దండగ.

బ్యాలెన్సింగ్ బరువులు అంచుకి కొట్టే క్లిప్పువి వద్దు, లోపల అతికించేవి పెట్టమనండి. క్లిప్పు కింద పూత చితికి అక్కడి నుంచే తెల్ల పొడి పుడుతుంది. అతికించే ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే రెండు వానలకి ఊడిపోతాయి.

వాటర్ వాష్‌లో రిమ్ తెల్లగా చేస్తామని బకెట్లో యాసిడ్ కలిపిన నీళ్లు కొడతారు. నిమిషంలో మెరుస్తుంది, పూత మాత్రం పోతుంది. షాంపూ, మెత్తటి బ్రష్, మంచినీళ్లు చాలు. బీచ్ రోడ్డు తిరిగొచ్చిన వారం స్పోకుల వెనకవైపు కూడా నీళ్లు కొట్టండి, ఉప్పు నిలిచేది అక్కడే.

రిమ్ మీద ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూసుకోండి. రిమ్ మోయగల బరువు కూడా వెనకవైపు పోత పోసి ఉండాలి. ఏ ముద్రా లేని రిమ్‌ని స్టిక్కరు చూసి కొనకండి. అంచు వంగితే సరి చేయించవచ్చు గానీ, స్పోక్ మీదా హబ్ దగ్గరా చీలిక వస్తే వెల్డింగ్ చేసి మళ్లీ వాడకూడదు.

---

మధురవాడ_స్విఫ్ట్:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. సి వదిలేశాను. పాత రిమ్ రేపు విప్పి ఈటీ చూస్తాను. బి అయితే రంగు వేసింది దొరుకుతుందేమో అడుగుతా. ఇంకా మూడు సందేహాలు. బ్రాండు? స్టెప్నీ పాత 14 ఇనప రిమ్మే ఉంచుకోవచ్చా? ఇన్సూరెన్స్, ఆర్‌టీవో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

---

ఘాట్_గ్రిప్:

బ్రాండు పేరు పట్టుకుంటే పని జరగదు. ఒకే కంపెనీ నాలుగు రకాలు చేస్తుంది, ఒకటి ఎక్కువ కిలోమీటర్లు రావాలని, ఇంకోటి తడి రోడ్డు మీద పట్టు కోసం, మరోటి చప్పుడు లేకుండా. మీరు అడగాల్సింది మోడలు పేరు.

మీ రోజువారీ దారి హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, షీలానగర్. లారీల రోడ్డు, వానొస్తే నూనె, మట్టి కలిసి జారుడు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో దిగుడు, తడి వంపులు. జూన్ నుంచి నవంబరు దాకా మనకి వానే, మధ్యలో తుపాన్లు. కాబట్టి నా వరసలో తడి పట్టు మొదటిది, సైడ్‌వాల్ గట్టిదనం రెండోది, చప్పుడు మూడోది. ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందన్నది ఆఖరు. ఎక్కువ కిలోమీటర్ల కోసం గట్టి రబ్బరు కొని వానలో పట్టు పోగొట్టుకుంటే ఏం లాభం?

ఎంఆర్ఎఫ్ జెడ్‌వీటీవీ, జెడ్ఎల్ఎక్స్: గోడ గట్టిది, గుంతలకి ఓర్చుకుంటుంది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అరిగేకొద్దీ చప్పుడు పెరుగుతుంది. తడిలో మధ్యరకం. మీ ఇంట్లోవాళ్ల మాట తీసిపారేసేది కాదు.

అపోలో అల్నాక్ 4జీ: ధరకి తగ్గ పట్టు, స్టీరింగుకి బాగా స్పందిస్తుంది. అదే అపోలోలో అమేజర్ 4జీ లైఫ్ ఎక్కువ కిలోమీటర్ల కోసం చేసింది, రెండూ ఒకటే అనుకోకండి.

యోకొహామా ఎర్త్-1: మెత్తగా, నిశ్శబ్దంగా నడుస్తుంది. అచ్యుతాపురంలో వాళ్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఇక్కడ చవగ్గా వస్తుందని కొందరు అనుకుంటారు. 2022లో ఆ ఫ్యాక్టరీ మొదలైంది ట్రాక్టర్లు, గనుల యంత్రాల లాంటి వాటి టైర్లతో. ఊళ్లో ఉందని ధర తగ్గదు.

మిషెలిన్ ఎనర్జీ ఎక్స్ఎం2 ప్లస్: తడి బ్రేకింగ్ బాగుంటుంది, ప్రయాణం మెత్తన. గోడ కూడా మెత్తనే, రాళ్ల అంచులు, డివైడరు పక్క పార్కింగు దానికి శత్రువులు. కాంటినెంటల్ కంఫర్ట్ కాంటాక్ట్ సీసీ6 చప్పుడు తక్కువ. 16కి వెళ్తే అదే కంపెనీ అల్ట్రా కాంటాక్ట్ యూసీ6 తడి రోడ్డు మీద నమ్మకమైనది. బ్రిడ్జ్‌స్టోన్ బీ290 చాలాకాలం వస్తుంది, గట్టి రబ్బరు, వానలో నాకు నచ్చదు.

మీకైతే 185/65 ఆర్15లో అల్నాక్ 4జీ లేదా ఎర్త్-1. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే, పార్కింగులో జాగ్రత్తగా ఉండగలిగితే మిషెలిన్. నాలుగూ ఒకే మోడలు. రెండు రెండు కలిపి వేయాల్సి వస్తే పట్టు ఎక్కువున్న జత వెనక వేయండి, ముందు కాదు. తడిలో వెనక జారితే మామూలు డ్రైవరు బండిని తిరిగి తెచ్చుకోలేడు.

కొనేటప్పుడు టైరు గోడ మీది డాట్ (DOT) అక్షరాల చివర నాలుగంకెలు చూడండి, అది తయారీ తేదీ. 2325 అంటే 2025లో 23వ వారం. ఆరు నెలల లోపుది అడగండి, ఏడాది దాటితే ధర తగ్గించమనండి, రెండేళ్లు దాటినదాన్ని వదిలేయండి. 2020 జూన్‌లో కార్ల టైర్ల దిగుమతికి కేంద్రం లైసెన్సు పెట్టాక కొన్ని విదేశీ మోడళ్లు అరుదైపోయాయి, అలాంటివాటిలోనే పాత స్టాక్ తగులుతుంది. నాలుగు టైర్ల మీదా తేదీ చూడాలి, ఒకటి చూసి సరిపెట్టుకోవద్దు.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కారు టైర్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 5,000 ఉన్న టైరు అప్పుడు 6,400, ఇప్పుడు 5,900. పాత ధరల పట్టీ చూపించి "మీకోసం తగ్గించాం" అంటే నవ్వి బిల్లు అడగండి. వారంటీకి కూడా ఆ బిల్లే ఆధారం. టైరు గోడ మీది సీరియల్ నంబర్లు దాని మీద రాయించుకోండి.

---

కొత్తరోడ్డు_16:

అందరూ 15 అంటున్నారు కాబట్టి నేను 16 తరఫున మాట్లాడతా. 195/55 ఆర్16 ఏదో వింత సైజు కాదు. బలెనో, ఐ20 పై వేరియంట్లకి కంపెనీ ఇచ్చేదే, అందుకని మంచి మోడళ్లన్నీ దొరుకుతాయి. మలుపుల్లో 185/65 కన్నా బిగువుగా ఉంటుంది. సైడ్‌వాల్ 120 మి.మీ. నుంచి 107కి తగ్గుతుంది, అంతే. 17 అంగుళాల 205/45 లాగా 92 మి.మీ. గోడతో గుంతల్లో తిరగడం కాదు కదా.

ఒప్పుకోవాల్సినవి రెండు. గతుకు కొంచెం ఎక్కువ తెలుస్తుంది. రిమ్ బరువు. చవక 16 రిమ్ మీ 14 ఇనప రిమ్ కన్నా బరువు ఉండొచ్చు, అలాయ్ అంటే తేలికని గుడ్డిగా నమ్మొద్దు. షాపులోనే తూకం మీద పెట్టించండి. చక్రం బరువైతే పికప్పు, బ్రేకు, మైలేజీ మూడూ కాస్త కాస్త తగ్గుతాయి, గతుకుల్లో షాకర్ల మీద కూడా దెబ్బ.

గాలి స్టిక్కరులో ఉన్నంత తప్పనిసరి, 195/55కి పొట్టి గోడ కాబట్టి 2 పీఎస్ఐ పైన పెట్టినా ఫర్వాలేదు. తక్కువ గాలితో గుంతలో పడితేనే గోడ రిమ్‌కీ రోడ్డుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, తర్వాత కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బిన టైరుకి మరమ్మతు లేదు, ఆ రోజే తీసేయాలి. గాలి చల్లటి టైరు మీద చూసుకోవాలి, ఎండలో గాజువాక దాకా తిప్పి చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి తగ్గించేస్తారు.

---

ఆటోనగర్_నూరు_పీసీడీ:

కొత్తరోడ్డు గారూ, రంగు రిమ్, తక్కువ బరువు, ఈటీ 40కి తగ్గకుండా దొరికితే నాకూ అభ్యంతరం లేదు. షాపు చూపించినది అలాంటిది కాదు.

మిగిలిన రెండు సందేహాలకి. స్టెప్నీ 165/80 ఆర్14 హాయిగా ఉంచుకోవచ్చు. వ్యాసం 185/65 ఆర్15తో దాదాపు సమానం. జెడ్ఎక్స్ఐలో కంపెనీ ఇచ్చే స్టెప్నీ కూడా అదే సైజు. ఇప్పుడున్న అరిగిన నాలుగింటినీ ఎక్స్ఛేంజిలో ఇచ్చేయండి గానీ, స్టెప్నీ తయారీ తేదీ కూడా చూడండి. వాడకపోయినా రబ్బరు పాతబడుతుంది, గోడ మీద సన్న పగుళ్లుంటే అదీ మార్చాలి. అది వేసుకున్నప్పుడు పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లడానికే.

ఆర్‌టీవో, ఇన్సూరెన్సు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదు. 185/65 ఆర్15 మీ మోడలు పై వేరియంట్‌లో కంపెనీ ఇచ్చిన సైజే కాబట్టి వాదనకి తావు తక్కువ. 205, మడ్‌గార్డు దాటి పొడుచుకొచ్చిన చక్రం, అక్కడ చిక్కులొస్తాయి. ఇన్సూరెన్సు కంపెనీకి మెయిల్ పెట్టి అలాయ్‌ల విలువ బిల్లుతో సహా పాలసీలో ఎండార్స్ చేయించుకోండి. చేయించకపోతే రిమ్ దొంగతనమో, పగులో జరిగినప్పుడు ఇనప రిమ్ ధరే లెక్కకడతారు.

టైర్లు ఎక్కాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు, తర్వాత అంకెలున్న ప్రింటు తీసుకోండి. 5,000 కిలోమీటర్లకి ఒకసారి చూపించి, 8,000 నుంచి 10,000 మధ్య ముందు జత వెనక్కి, వెనక జత ముందుకి మార్పించండి. ట్రెడ్ 1.6 మి.మీ. చట్టం చెప్పిన ఆఖరి గీత, అరకు వానల్లో తిరిగేవాళ్లు 3 మి.మీ. దగ్గరే మార్చేస్తే నీళ్ల మీద తేలిపోయే బాధ ఉండదు.

---

మధురవాడ_స్విఫ్ట్:

ఎ సెట్టు, 185/65 ఆర్15 ఖాయం చేసుకున్నా. ఆఖరి ప్రశ్న: కొత్త నట్లు కొంటే స్టెప్నీ ఇనప రిమ్‌కి కూడా అవే సరిపోతాయా?

---

రింగు_నట్టు:

చూసుకోవాలి. కొత్త నట్టు పొడవైనది, మూసిన టోపీ రకం అయితే పలచటి ఇనప రిమ్‌కి స్టడ్ కొస టోపీ లోపల తగిలి ఆగిపోతుంది. నట్టు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, రిమ్ మాత్రం వదులుగా ఉంటుంది. షాపులోనే స్టెప్నీని ఒకసారి కొత్త నట్లతో హబ్‌కి బిగించి, రిమ్‌ని పట్టుకుని ఊపి చూడండి. అనుమానం ఉంటే పాత నట్లు నాలుగు ఒక గుడ్డ సంచిలో వేసి స్టెప్నీ గుంతలోనే పెట్టేయండి. ఇంకోటి, అలాయ్‌ల నట్టు గుంతలు ఇరుకుగా ఉంటాయి, బండితో వచ్చిన పానా అందులో దూరకపోవచ్చు. పలచ గోడ సాకెట్టు, లేదా నట్ల సెట్టుతో ఇచ్చే తాళంచెవి అడాప్టరు కూడా ఆ సంచిలోనే వేసేయండి. అనంతగిరి ఘాట్‌లో చీకటిపడ్డాక అది ఇంట్లో ఉందని గుర్తొస్తే ఏం లాభం.